హెబ్రోను సామాన్లు

మా పెద్దమ్మ ఎస్తేరమ్మను వెంటబెట్టుకుని మద్రాసు వెళ్లిరావాలంటే, ముందురోజు నుంచే నాకు కాళ్లు లాగడం మొదలైంది. ఆమె నడక నిదానం. మాట పొదుపు. పట్టు మాత్రం ఉడుంపట్టు. అలాంటి మనిషి ఒక రేకు పెట్టెను చింతపండు వేసి తోమి, ఎండలో ఆరబెట్టి, "పొద్దున బండికి పోదాం, సెలవు పెట్టు" అంటే పెట్టక చస్తానా? పెట్టాను.

మాది నెల్లూరు జిల్లా తడకు తూర్పున, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న పాలెం. ముప్పై నలభై గడపలు, ఒక చిన్న క్రైస్తవ గుడి, గుడి వెనక ఇసకదిబ్బ మీద సమాధులు. నేను అక్కడి మిషను బడిలో టీచరును. మా పెద్దమ్మ సున్నపు బట్టీలో కూలి. సరస్సు అడుగున దొరికే గుల్లలను బుట్టలతో ఎత్తి, కడిగి, బొగ్గుతో కలిపి బట్టీలో కాలుస్తారు. కాలిన గుల్లల మీద నీళ్లు చల్లితే బుస్సుమని పొగలు కక్కి పిండి అవుతాయి. అదే గుల్ల సున్నం. ఆ పిండి ఆమె చేతివేళ్ల గోళ్లను ఎప్పుడో తినేసింది. మడమల పగుళ్లలో ఏడాది పొడుగునా తెల్లగా కనబడుతూనే ఉండేది. యాభై నిండని మనిషి, చూసేవాళ్లకు అరవై దాటినట్టుండేది.

బట్టీ పనికి మొగుడూ పెళ్లాం జోడీగా చేరాలన్నది అక్కడి పద్ధతి. మొగుడు కాలుస్తాడు, పెళ్లాం మోసి, నీళ్లు చల్లి, జల్లిస్తుంది. పొద్దున్నే మేస్త్రీ గట్టు మీద నిలబడి పేర్లు పిలుస్తాడు. పిలిచేది మగవాళ్ల పేర్లే. జోడీలో ఎవరు పలికినా చాలు. మా పెదనాయన హెబ్రోను మంచివాడే గాని నిద్రమొద్దు. మేస్త్రీ "హెబ్రోనూ!" అని కేకవేసే వేళకు ఆయన ఇంకా గుడిసెలో చాప మీదే ఉండేవాడు. పెద్దమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని, ముఖం తిప్పకుండా, "ఉండాడు!" అనేది. మేస్త్రీకి ఆ సంగతి తెలుసు. నవ్వుకుని ఇంకో పేరు పిలిచేవాడు. పెళ్లయిన ఏడేళ్లూ వాళ్ల కాపురం అలాగే తెల్లారింది. పిల్లలు కలగలేదు.

మద్రాసు మీద బాంబులు పడతాయని పట్నం జనం మూటలు కట్టుకుని ఊళ్లకు పరిగెత్తుకొచ్చిన ఏడాది, సున్నం కొనే నాథుడు లేకపోయాడు. గోడలు కూలతాయని భయపడేవాడు గోడలకు సున్నం కొడతాడా? కాలువలో పడవలు ఆగిపోయాయి. బట్టీ చల్లారింది. హెబ్రోను పెదనాయన ఒంటి మీది పంచెతో, చొక్కాతో సూళ్లూరుపేట వెళ్లి సైన్యంలో చేరాడు. సైన్యమంటే తుపాకీ కాదు. పార, పలుగు పట్టే పటాలం. బర్మా సరిహద్దు కొండల్లో రోడ్లు వేయించారట. రెండేళ్లు తిరక్కుండానే జ్వరంతో పోయాడని మిషను దొరగారి ద్వారా కబురు వచ్చింది. ఎక్కడ పాతిపెట్టారో దొరగారికీ తెలియదు.

బట్టీ మళ్లీ రాజుకున్నాక పెద్దమ్మ ఒంటరిగానే పనికి పోయింది. మేస్త్రీ పిలిచేటప్పుడు ఆ పేరు వదిలేసి తర్వాతి పేరుకు పోయేవాడు. ఆమెను పిలవనే లేదు, వచ్చిందా లేదా చూసుకునేవాడంతే. ఇంకో పెళ్లి చేసుకోమని మా అమ్మ, అంటే ఆమె సొంత చెల్లెలు, చెప్పి చెప్పి నోరు నొప్పిపుట్టి మానుకుంది.

ఇక ఈస్టరు సంగతి చెప్పాలి. మా పాలెంలో ఈస్టరు ముందు శనివారం అందరి సమాధులకూ సున్నం వేస్తారు. ఆదివారం తెల్లవారి ఆరాధన ముగిశాక పాస్టరు గారు సంఘాన్నంతా వెంటబెట్టుకుని దిబ్బకు వచ్చి, సున్నం వేసిన ప్రతి సమాధి దగ్గరా నిలబడి, పోయినవాళ్ల పేరు గట్టిగా చెప్పి, ఒక చరణం పాడించి, ప్రార్థన చేసి ముందుకు నడుస్తారు. అందరి సమాధులకూ సున్నం కలిపేది, సగానికి పైగా కుంచె పట్టేది మా పెద్దమ్మే. గంజి పోసి, చిటికెడు నీలిమందు వేసి ఆమె కలిపితే ఏడాదంతా తెలుపు నిలిచేది. "ఇదేందమ్మే, నీళ్లు పూసినట్టుండాదే?" అని కొత్త కోడళ్లు సణిగితే, "పూసినప్పుడు సున్నం కనపడదు. ఆరనీ, అదే తెల్లబడతాది" అనేది. ఆ తర్వాత చేతులు కడుక్కుని ఒక పక్కన నిలబడి, అందరి పేర్లూ వినేది. హెబ్రోను పేరు ఎవరు చెబుతారు? సమాధి ఉంటేగా!

ఉత్త దిబ్బయినా పోసుకుంటానని ఆమె అడక్కపోలేదు. సంఘపెద్ద జకరయ్య తాత ఒప్పుకోలేదు. "ఏమీ పెట్టకుండా గుంత పూడ్చకూడదు మే. ఖాళీ గుంత ఇంకొకరిని అడగతాది" అన్నాడు. అది మూఢనమ్మకమని పాస్టరు గారు చెప్పారు. తాత వినయంగా తలూపి, పార మాత్రం ఇవ్వలేదు. నిజానికి తాత కర్కశుడేం కాదు. సరస్సులో మునిగిపోయి శవం దొరకని పెంచలయ్యకు, ఆయన లుంగీ, వల బెండ్లు పెట్టి సమాధి కట్టించింది ఈయనే. "ఒంటికో చేతికో తగిలిన వస్తువు ఒకటి తే. నేనే తవ్వుతా" అన్నాడు. పెద్దమ్మ దగ్గర అలాంటిది ఒక్కటీ లేదు. ఆయన వదిలిపోయిన పాత పంచె ఎప్పుడో చినిగి కుండ దించుకునే మసిగుడ్డయింది. తరవాతి తుపానుకు గుడిసే లేచిపోయింది.

అలా పద్దెనిమిది ఈస్టర్లు గడిచాయి. పంతొమ్మిదివందల అరవై మూడు మొదట్లో ఆమె కళ్లు ఎర్రబడి నీళ్లు కారడం మొదలైంది. నెల్లూరు మిషను ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. ఇంక బట్టీ దగ్గరికి, సున్నం దగ్గరికి పోతే ఉన్న చూపు కూడా పోతుందని డాక్టరమ్మ ఖండితంగా చెప్పింది. బయటికి వచ్చి పెద్దమ్మ అన్న మాట ఒక్కటే: "ఈ ఈస్టరుకు మాత్రం ఏస్తా." నాకు ఒళ్లు మండింది. కోప్పడ్డాను. ఆమె బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

చైనా యుద్ధం ముగిసి కొద్ది నెలలే అయింది. ఊరూరా సభలు, విరాళాలు. సూళ్లూరుపేట సభకు బడిపిల్లలను తీసుకెళ్లినప్పుడు పెద్దమ్మ కూడా వచ్చింది. కొత్తగా పోయిన జవాన్ల పేర్లు మైకులో ఒక్కొక్కటే చదివి, లేచి నిలబడమన్నారు. ఆమె అందరికంటే ముందు లేచి అందరికంటే చివర కూర్చుంది. ఆ తర్వాత ఒక పెద్దమనిషి ఉపన్యాసంలో, దేశం కోసం ప్రాణాలిచ్చిన వీరుల వస్తువులన్నీ మద్రాసు మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి, వెళ్లి చూడండి అన్నాడు. ఉపన్యాసమన్నాక ఏదో ఒకటి అంటారు. మా పెద్దమ్మ మాత్రం ఉన్నదున్నట్టు విన్నది. ఇంటికొచ్చి పెట్టె తోమింది.

"పెద్దమ్మా, మ్యూజియమంటే సామాన్లు తిరిగిచ్చే చోటు కాదు. చూసి వచ్చే చోటు" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"మా అమ్మ ఆసుపత్రిలో పోయినప్పుడు ఆమె చీర, గాజులు మూటగట్టి పెట్టినారా లేదా? ఏడాదికి పోయి అడిగితే తీసిచ్చినారు. అడగందే ఎవురిస్తారు?"

"అది ఆసుపత్రి."

"ఇది పటాలం. ఆసుపత్రి కంటే పెద్దదే గదా."

ఇంకేం చెప్పను? పాసింజరు ఎక్కాం.

ఏ మ్యూజియమో చెప్పను. ఎందుకు చెప్పనో ముందుకు పోతే మీకే తెలుస్తుంది. మద్రాసులో సైన్యానికి సంబంధించిన వస్తువులు పెట్టిన పాత మేడ అనుకుంటే చాలు. స్టేషను నుంచి నడిచాం. రిక్షా ఎక్కమంటే ఎక్కలేదు. మనిషి లాగే బండి ఎక్కితే ఆమెకు కడుపులో తిప్పుతుందట. ఎండ నడినెత్తికి ఎక్కే వేళకు చేరాం. లోపల చల్లగా ఉంది. ఆమె గుమ్మం దగ్గరే చెప్పులు విడిచింది. వేసుకోమని నేను, వద్దని ఆమె. చివరికి వాటిని చంకలో పెట్టుకుంది. రెండో చేతిలో పెట్టె.

మొదటి గదిలో కత్తులు. అద్దాల బీరువాల్లో వరసగా, కింద ఇంగ్లీషు చీటీలతో.

"ఇది ఎవురిది? చదువు."

"ఒక కర్నలు దొరది."

"చచ్చిపోయినాడా?"

"నూరేళ్లయింది."

ఆమె కత్తిని, చీటీని చాలాసేపు చూసింది. కళ్లలో నీళ్లు కారుతున్నాయి. అది ఏడుపు కాదు, జబ్బు. కొంగుతో తుడుచుకుని, అదే కొంగుతో అద్దం మీది దుమ్మూ తుడిచింది.

"ఈయనోళ్లు ఎవురూ రాలేదా తీసకపోను?"

"వాళ్లు ఇంగ్లండులో ఉంటారు పెద్దమ్మా."

"దూరమేలే. అయినా ఓడలుండాయి గదా."

తర్వాతి బీరువాలో పతకాలు. ఇంకొకదానిలో ఎర్ర కోటు, బంగారు గుండీలు. మరొకదానిలో ఎవరో కెప్టెను వాడిన పింగాణీ కప్పు, గడియారం, కళ్లజోడు. ప్రతిదాని దగ్గరా ఆగడం, ఎవరిదని అడగడం, నేను చదవడం, ఆమె నిట్టూర్చడం. కళ్లజోడు దగ్గర మాత్రం బొత్తిగా కరిగిపోయింది. "ఇది గూడా తీసకపోలేదే! ఎంత పెద్ద ఇండ్లోళ్లో! ఒక్కరన్నా రావద్దా? పాపం, అందరివీ ఇట్నే పడుండాయి" అన్నది.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఆ వరస బీరువాలను మళ్లీ చూశాను. ఆమె చెప్పాక అవి నాకూ అలాగే కనబడ్డాయి, ఎవరూ వచ్చి అడగని మూటల్లాగే. నవ్వు ఆగిపోయింది.

ఒక గది, ఇంకో గది, మెట్లు, మళ్లీ గదులు. ఫిరంగి బొమ్మలు, జెండాలు, గుర్రం మీద దొరల పటాలు. కూర్చోవడానికి ఒక్క బల్ల లేదు. నా కాళ్లు పీకుతున్నాయి. ఆమె కాళ్లు ఎంత పీకుతున్నాయో ఆమె చెప్పే మనిషి కాదు. ఆఖరి గదిలో ఆఖరి బీరువా కూడా అయిపోయాక ఆమె నిలబడిపోయింది. అక్కడ ఒక ఖాకీ బట్టల కాపలాదారు స్టూలు మీద కూర్చుని మమ్మల్నే గమనిస్తున్నాడు. మా మాటలు విని, "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు తెలుగులో.

"తడ పక్కన" అన్నాను.

"నాది నెల్లూరు పక్కన వెంకటాచలం. నా పేరు హజరత్తయ్య" అంటూ లేచి నిలబడ్డాడు. మన యాస వినబడితే పరాయి ఊళ్లో ఎవరికైనా ముఖం విప్పారుతుంది. మా ఇద్దరికీ విప్పారింది.

పెద్దమ్మ సూటిగా అడిగింది. "అన్నా, పార పట్టిన పటాలం వాళ్ల గది యాడుండాది?"

"ఆ గది లేదమ్మా."

"మూసిపెట్టినారా?"

"మూసింది కాదు. ఎప్పుడూ లేదు."

"మరి వాళ్ల సామాన్లు యాడ పెట్టినారు?"

హజరత్తయ్య నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయన అబద్ధం చెప్పి పంపేయవచ్చు. ఢిల్లీలో ఉన్నాయంటే సరిపోయేది. చెప్పలేదు. "పార అరిగితే పారేస్తారు. గుడ్డ చినిగితే పారేస్తారు. అట్టాటియి ఎవురూ దాచలేదమ్మా" అన్నాడు నెమ్మదిగా.

పెద్దమ్మ ఆ మాట విని తల ఊపింది. ఏడవలేదు. నాకు మాత్రం భలే కోపం వచ్చింది. సూళ్లూరుపేట మైకు మీద, ఆ కళ్లజోడు మీద, ఇంత దూరం ఖాళీ పెట్టె మోసుకొచ్చిన ఈ మనిషి మీద. ఎవరి మీద చూపాలో తెలియక, "చెప్పానా లేదా నీకు?" అని ఆమె మీదే చూపాను. హజరత్తయ్య తన స్టూలు తెచ్చి మెట్ల కింద వేశాడు. ఆమె దాని మీద కూర్చుని, పెట్టె ఒళ్లో పెట్టుకుని, గోడకు వీపు ఆనించి కళ్లు మూసుకుంది.

చాలాసేపటికి లేచింది. ఆమె జాకెట్టు వీపంతా తెల్లగా అయింది. దులపబోయాను. నా చెయ్యి పట్టుకుని ఆపి, నా వేళ్లకు అంటిన పొడిని తన వేళ్ల మధ్య తీసుకుని నలిపింది. తర్వాత గోడ వైపు తిరిగింది. ఆ మూల తేమ ఎక్కి సున్నం పెళ్లలు లేచి ఉంది. ఒకదాని మీద ఒకటి ఎన్నో ఏళ్ల పొరలు.

"గుల్ల సున్నం" అన్నది. "మన కాడిదే."

అందులో వింత ఏమీ లేదు. బకింగ్‌హాం కాలువ మా పాలెం పక్కనే పోతుంది. మా బట్టీల సున్నమంతా పడవల్లో మద్రాసుకే వచ్చేది. మద్రాసులో సగం పాత గోడలకు మా వైపు సున్నమే ఉంటుంది. అదే ఆమెతో అన్నాను, విసుగ్గా.

ఆమె నన్ను పట్టించుకోలేదు. "అన్నా, ఈ అడుగు పొర ఎప్పుడేసినారు?"

"నేను చేరకముందమ్మా. ఎన్నేండ్ల ముందో ఎవురికి తెలుసు?"

"కొంచెం తీసుకుంటా. రాలిపోయేదే గదా."

హజరత్తయ్య అటూ ఇటూ చూశాడు. "నేను తలుపు కాడ నిలబడతా. ఎవురన్నా వస్తే దగ్గతా" అని వెళ్లి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

ఆమెకు గోళ్లు లేవు. నా జడపిన్ను అడిగింది. ఎనిమిదో తరగతి పిల్లలకు సత్ప్రవర్తన గురించి పాఠం చెప్పే నేను, సర్కారు గోడ గీకడానికి జడపిన్ను తీసి ఇచ్చాను. పై పొరలను పక్కకు నెట్టి, ఇటుకకు అంటుకున్న అడుగు పొరలోంచి అరచేతిలో పట్టేంత పెళ్ల లేపింది. కొంగు అంచు చింపి అందులో చుట్టి పెట్టెలో పెట్టింది. హజరత్తయ్య ఒక్కసారీ దగ్గలేదు. ఆ పెళ్ల ఎందుకో పెద్దమ్మ ఆయనకు రెండు మాటల్లో చెప్పింది. మేం బయటికి వస్తుంటే, "ఈస్టరుకు మా పక్క పోయినోళ్లను గూడా తలుచుకోమ్మా" అన్నాడు. పేరు దర్గా మొక్కువల్ల వచ్చినా ఆయన హిందువు. ఈస్టరంటే ఏమిటో ఎంత తెలుసో గాని, ఆమె సరేనన్నది.

తిరుగు బండిలో పెట్టె ఆమె ఒళ్లోనే ఉంది. ఎన్నూరు దాటాక నేను ఉండబట్టలేకపోయాను. "జకరయ్య తాత అడిగితే, పెదనాయన కాల్చిన సున్నమే అని చెప్పు. ఎవరు చూడొచ్చారు? ఒక్క మాట. ఆ ఒక్క మాటకు నీ పని అయిపోతుంది."

ఆమె కిటికీ ఊచ పట్టుకుని కూర్చుంది.

ఆ సాయంత్రమే తాత వాకిట్లో నిలబడ్డాం. జకరయ్య తాత వల బాగుచేసుకుంటున్నాడు. పెట్టె చూసి వల పక్కన పెట్టాడు. "దొరికిందా? ఏం తెచ్చినావు?"

"సున్నం మామా. మ్యూజియం గోడది."

ఆయన గుడ్డ విప్పి చూశాడు. వేలితో తడిమాడు. "హెబ్రోను కాల్చిందేనా?"

నేను వెనకనుంచి ఆమె మోచేయి గిల్లాను. ఔననడానికి ఎంతసేపు పడుతుంది? పొద్దుటినుంచి ఆమె తిన్నది రెండు ఇడ్లీలు. ఇప్పుడు లేదంటే ఇంకో ఈస్టరు లేదు, కుంచె పట్టేందుకు చూపు ఉండదు. ఇవన్నీ నాకంటే ఆమెకే బాగా తెలుసు.

"తెలీదు మామా" అన్నది.

నేను నెత్తి కొట్టుకున్నాను.

"ఆయన కాల్చింది కాలవలో పట్నం పొయ్యింది. పట్నంలో గోడలు శానా ఉండాయి. ఇది ఒక గోడది. అంతే నాకు తెలిసింది. సమాధిలో పెట్టేదానికి నేను అబద్ధం చెప్పలేను" అని, అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

తాత ఆ సున్నపు పెళ్లను అటు తిప్పి ఇటు తిప్పి చూస్తూనే ఉన్నాడు. మా ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు గాని మీకు చెప్పాలి: కుర్రతనంలో ఆయన సున్నం పడవ తాడు లాగినవాడు, తర్వాత ఆ పడవకే పెద్ద. మా బట్టీల సరుకు మద్రాసు చేర్చింది ఆయనే.

"ఆ ఏండ్లల్లో పడవ తోలింది నేనే" అన్నాడు చివరికి. "హెబ్రోనుది వేరు, పక్కోడిది వేరు అని నేనెప్పుడు చూసినా? అందరిదీ ఒకే కుప్పగా పోసుకొని పొయ్యి దించినా. ఏ గోడకు పొయ్యిందో ఒక్కనాడు అడగలా. ఆయనది కాదని చెప్పను నాకూ తెలీదు మే." గుడ్డ మళ్లీ చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. దూలంలో దోపిన పార తీశాడు. "లే. యాడ కావాల్నో చూపించు."

పెంచలయ్య పక్కన, సరస్సు కనబడే వైపు చూపించింది. డెబ్బై దాటిన మనిషి, మధ్యమధ్య ఆగి నడుం పట్టుకుంటూ, ఇంకెవరినీ పార ముట్టనివ్వకుండా చిన్న గుంత తవ్వాడు. ఆమె గుడ్డ చుట్టను అందులో పెట్టింది. తాత మట్టి కప్పి, మోకాలెత్తు దిబ్బ చేసి, నీళ్లు చల్లి మెత్తాడు. పాస్టరు గారికి ఆయనే స్వయంగా వెళ్లి చెప్పాడు.

ఈస్టరు ముందు శనివారం ఆమెను సున్నం దగ్గరికి పోనివ్వకూడదని నేను గట్టిగా అనుకున్నాను. అనుకోవడమే. తెల్లారేసరికే మూడు కుండలు కలిపి పెట్టింది. కళ్లకు తడిగుడ్డ అద్దుకుంటూ, ఒక్కొక్క సమాధికీ కుంచె వేసింది. ఎవరొచ్చి గిన్నె చాపినా పోసింది. నేనూ ఒక కుంచె పట్టాను, నోరు మూయకుండా తిడుతూనే. పొద్దు వాలేసరికి అందరివీ అయ్యాయి. కుండల్లో చూస్తే అడుగు కనబడుతోంది.

"నీకు కాస్త మిగల్చుకోవద్దా?" అని అరిచాను.

"మిగలతాదనుకున్నా" అన్నది. అంత నీరసంగా ఆమె మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. పండుగకు బట్టీ మూసేశారు. ఊళ్లో చిటికెడు సున్నం లేదు.

మర్నాడు సంఘమంతా తెల్లవారి ఆరాధనలో ఉండగా ఆమె ఇసకదిబ్బ మీద ఉంది. నేనూ గుడి మానుకుని ఆమెతోనే ఉన్నాను. మూడు కుండల అడుగులూ కడిగి ఒక ముంతలోకి వంచుకుని, ఆ కడుగునీళ్లే కుంచెతో హెబ్రోను దిబ్బకు పూసింది. ఒకసారి కాదు, ముంత ఖాళీ అయ్యేదాకా. పూసినా పూయనట్టే ఉంది. చుట్టూ అన్నీ తెల్లగా మెరుస్తుంటే, ఇదొక్కటీ తడి మట్టిముద్ద. నాకు ఏడుపొచ్చింది. పద్దెనిమిదేళ్లు ఊరందరికీ తెలుపు పూసిన మనిషికి చివరికి కడుగునీళ్లా అని ఆ పొద్దు దేవుడి మీద కూడా కోపం వచ్చింది. పండుగ పూట అనకూడని మాటలేవో లోపల అనుకున్నాను.

"ఆరనీ" అన్నది ఆమె. దిబ్బకు ఎడంగా కూర్చుని, పెంచలయ్య సమాధికి తల ఆనించింది.

సరస్సు మీద ఎండ ఎక్కింది. గుడి గంట వినబడింది. పాటలు పాడుకుంటూ జనం ఇసకదిబ్బ ఎక్కడం మొదలుపెట్టారు. పాస్టరు గారు ఒక్కొక్క సమాధి దగ్గరా ఆగుతున్నారు. పేరు, చరణం, ప్రార్థన. నేను ఆమె వైపు తిరిగాను. నోరు కాస్త తెరుచుకుని, మడిచిన కాళ్ల మీద చేతులు వేసుకుని, ఆమె గాఢంగా నిద్రపోతోంది.

లేపబోయాను. జకరయ్య తాత నా భుజం పట్టుకుని ఆపాడు. వద్దన్నట్టు తల ఊపాడు.

పాస్టరు గారు ఆ దిబ్బ ముందుకు వచ్చి నిలబడ్డారు. నిద్రపోతున్న మనిషిని చూశారు. గొంతు తగ్గించలేదు. మిగతా అందరి పేర్లూ ఎలా చెప్పారో అలాగే, సరస్సు దాకా వినబడేలా ఆ పేరు చెప్పారు. చరణం పాడారు, ప్రార్థన చేశారు, ముందుకు సాగారు. ఆమె కదలనైనా కదలలేదు.

జనమంతా దిగిపోయాక మెలకువ వచ్చింది. ఎండకు కళ్లు చికిలించి చుట్టూ చూసింది. "అయిపొయ్యిందా?"

"అయిపోయింది పెద్దమ్మా."

"పేరు చెప్పినారా?"

"చెప్పారు. అందరూ విన్నారు."

ఆమె దిబ్బ వైపు చూసింది. అది ఆరింది. మిగతావాటంత కాకపోయినా, పలచగా, నిజంగానే తెల్లబడింది.

"నేను వినలా. నువ్వొకసారి పిలు" అన్నది.

రోజూ అరవై మంది పిల్లల హాజరు పిలిచే గొంతు నాది. లేచి నిలబడి పిలిచాను.

"హెబ్రోను."

ఖాళీ ముంత నెత్తిన పెట్టుకుంటూ, ముఖం తిప్పకుండా, "ఉండాడు" అన్నది మా పెద్దమ్మ.